పెళ్లివారి జట్టుకు సున్నా

ఆ రోజుల్లో మా వైపు పెళ్లిచూపులను ఎవరూ పెళ్లిచూపులని అనేవారు కాదు. (ఆ రోజులంటే తాతల కాలం అనుకోకండి. అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. మా నాయన కూడా పొద్దున లేస్తూనే గులాబీ బొమ్మ మీద శుభోదయం రాసి ఊరందరికీ పంపేవాడు.) పిల్లను చూడటానికి ఇంటికే వస్తే ఊరికి తెలుస్తుంది. రేపు ఏ కారణం చేతనో కుదరకపోతే 'చూసి పోయినారంట, ఏం లోపమో' అనే మాట ఆ పిల్లను పట్టుకుని వదలదు. అందుకని మా పెద్దవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు కుటుంబాలూ ఎక్కడో ఒకచోట అనుకోకుండా ఎదురుపడాలి. ఒకరినొకరు ఎరగనట్టే తిరగాలి, ఓరకంట చూసుకోవాలి, ఎవరి దారిన వాళ్ళు ఇంటికి పోయి తీరిగ్గా ఫోన్లో మాట్లాడుకోవాలి. కుదిరితే పెళ్లి, కుదరకపోతే అసలేమీ జరగలేదు. నాకు ఈ పద్ధతంటే మొదటి నుంచీ ఒళ్ళుమంట. సంతలో గొర్రెను కొనేవాడు కూడా దగ్గరికొచ్చి పళ్ళు పట్టి చూసి, నాలుగు మాటలు మాట్లాడతాడు. నాకు ఆ భాగ్యం కూడా లేదు.

మొదటిసారి అనుమసముద్రంపేట దర్గా దగ్గర, గాజుల అంగళ్ళ ముందు నన్ను నిలబెట్టారు. ఆకుపచ్చ చీర కట్టుకున్న పిల్ల అని వాళ్ళకు గుర్తు చెప్పారు. నా పక్కనే కొండాపురం నుంచి వచ్చిన ఇంకో ఆకుపచ్చ చీర పిల్ల గాజులు బేరమాడుతోంది. వాళ్ళు గంటసేపు ఆ పిల్లనే చూసి, పిల్ల చాలా నచ్చిందని కబురు పంపారు. (తప్పు తెలిశాక మళ్ళీ కబురు రాలేదు.) రెండోసారి నెల్లూరులో ఒక బట్టల కొట్లో. అక్కడ నేను చీరలు చూస్తూ ఉండిపోయాను, అబ్బాయి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. తలెత్తి చూడని పొగరుబోతు పిల్ల అన్నారట. అనుకోకుండా వచ్చినదాన్ని అనుకుని ఎట్లా తలెత్తుతాను, మీరే చెప్పండి.

మూడో సంబంధం ఉదయగిరి నుంచి వచ్చింది. అబ్బాయికి అక్కడ మోటారు వైండింగ్ షాపు ఉంది, కాలిపోయిన బోరు మోటార్లన్నీ ఆయన చేతిలోనే మళ్ళీ తిరిగేవి. ఇంట్లో గొర్రెలున్నాయి, మెట్ట పొలముంది, అన్నిటికీ పైన ఒక అవ్వ ఉంది. ఆ ఇంట్లో అవ్వ మాటే మాట. నాకేమో ఆత్మకూరు బస్టాండు పక్కన ఒక నెట్ సెంటరుండేది. డిగ్రీ అయ్యాక నాయనతో పోట్లాడి, నాలుగు పాత కంప్యూటర్లతో పెట్టుకున్నాను. పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, జెరాక్సులు. గిరాకీ లేని మధ్యాహ్నాలు నేనే కూర్చుని వీడియో గేములు ఆడేదాన్ని. ఆత్మకూరులో నన్ను ఓడించినవాళ్ళు లేరని చెబితే గొప్ప అనుకుంటారు కానీ అది నిజం. సంబంధం తెచ్చిన కలిగిరి మామ, అంటే మా అమ్మ తమ్ముడు, అన్నీ చెప్పి చివర్లో గొంతు తగ్గించాడు. "వాళ్ళ అవ్వ ఒక్కమాట అనింది. కోడలు కొట్లో కూర్చోకూడదంట. ఇప్పుడా మాట ఎత్తబాకండి, పెళ్లయినాక చూసుకుందాం."

పెళ్లయినాక చూసుకుందాం అన్నవి ఎవరూ ఎప్పుడూ చూసుకోరని మా వీధిలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. అబ్బాయి ఫోటో చూశాను, నచ్చాడు. అదే అసలు చిక్కు. నచ్చకపోతే ఏ గొడవా లేదు. ఇంటికి తిరిగొచ్చి ఔననో కాదనో చెప్పేలోపు నేనే ఆయన్ను ఒక్క ప్రశ్న అడగాలి, నా కొట్టు నాకు ఉంటుందా ఉండదా అని. రెండు నిమిషాలు చాలు. కానీ మా పద్ధతిలో ఆ రెండు నిమిషాలే దొరకవు.

ఈసారి మామ ఆలోచన వేరు. దర్గా దగ్గరా బట్టల కొట్లోనూ తెలిసినవాళ్ళు కనపడి పరువు పోతోందని, మద్రాసు అవతల ఉన్న ఒక పెద్ద వినోదాల పార్కు మీద కన్నేశాడు. అక్కడ కొత్తగా వీడియో గేము లోకమని ఒకటి కట్టారట. తెర మీద ఆడే ఆటలోకి మనిషే దిగిపోయి, చేతికి బ్యాండు కట్టుకుని, రాళ్ళు కొట్టి చుక్కలు సంపాదించాలట. "మన మొహం తెలిసిన కుక్క కూడా ఆడ ఉండదు" అన్నాడు మామ. నాకు లోపల పండగ. పెళ్లి సంగతి ఎట్లా ఉన్నా గేము లోకం చూడొచ్చు. అమ్మ మాత్రం చీరే కట్టాలంది. కట్టాను, కానీ కింద పరుగు బూట్లు వేసుకున్నాను.

వాళ్ళు ఐదుగురు ఉదయగిరి నుంచి ఒక బండిలో, మేము మామతో కలిపి ఐదుగురం ఆత్మకూరు నుంచి ఇంకో బండిలో, తెల్లవారుజామునే బయలుదేరాం. దారిలో గూడూరు దాటాక ఒకే హోటల్లో టిఫినుకు ఆగాం. (అనుకోకుండానే.) రెండు కుటుంబాలూ వీపులు ఆనించుకుని కూర్చున్నాం. మా నాయనకు, అబ్బాయి నాన్నకు గొర్రెల సంతలో ఇరవై ఏళ్ళ పరిచయం. ఒకరి పొట్టేలును ఇంకొకరు కొని, బాగాలేదని తిరిగిచ్చి, మళ్ళీ కొన్నంత స్నేహం. ఆ ఇద్దరూ చేయి కడుక్కునే చోట ఎదురుపడి, "ఏ ఊరండీ మీది" అంటే "ఏ ఊరండీ మీది" అనుకున్నారు. మా అమ్మ వెనక్కి తిరగకుండానే కారప్పొడి గిన్నె వెనక బల్ల మీదికి జరిపింది. అబ్బాయిని నేను గాజుగ్లాసులో ప్రతిబింబంగా చూశాను. నిండు చేతుల చొక్కా, ఇంకా తడి ఆరని తల. ఫోటోకంటే నయంగా ఉన్నాడు.

పార్కు వాకిట్లో చాంతాడంత వరుస. పదిమంది ఒక జట్టుగా ఉంటే వేరే వరుసలో తొందరగా పంపుతారని మామ ముందే కనుక్కుని, పదిమందికీ కలిపి ఫోన్లో ఒకే జట్టుగా పేర్లు ఇచ్చేశాడు. "లోపలికి పొయ్యేదాకే బావా, ఆ తర్వాత ఎవరో ఎవరికి తెలుసు" అన్నాడు నాయనతో. మా అందరి చేతులకూ బ్యాండ్లు కట్టారు. చీకటి సొరంగంలో నడిచి ఒక్కసారిగా వెలుగులోకి వచ్చాం. నేను నోరు తెరిచి నిలబడిపోయాను. చదరం చదరంగా కోసినట్టున్న కొండలు, పైన తిరిగే పసుపు పళ్ళేలు, అడుగు వేస్తే టింగుమనే నేల, దూరంగా ఒక కోట. ఇన్నేళ్ళూ నేను కంప్యూటరులో వేలితో తిరిగిన చోటు నా ఎత్తున నా చుట్టూ ఉంది. ఏడుపొచ్చినంత సంతోషం వేసింది, ఎందుకు దాచాలి. అప్పుడే పైనున్న పెద్ద తెర వెలిగి, లౌడ్ స్పీకరులో ఒక గొంతు ఊరంతా వినపడేట్టు స్వాగతం పలికింది. జట్టు పేరు, పెళ్లివారు.

జట్టుకు పేరు ఇస్తేగానీ ఫోన్లో ఫారం ముందుకు కదల్లేదట, మామ చేతికి ఏది తోస్తే అది కొట్టాడట. తెర మీద ఇంటి మంచమంత అక్షరాలతో పెళ్లివారు, దాని కింద మా పదిమంది పేర్లు. ఆ లోకంలో సగంమంది తెలుగువాళ్ళేనని మాకు అప్పుడే తెలిసింది. చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో పెద్దావిడ నా చీర వైపు చూసి "పెళ్లికూతురివి నువ్వేనా అమ్మా" అంది. ఇంకెవరో మా నాయనను "అన్నా, మీది ఆత్మకూరు గదా" అని పలకరించారు. నాయన మామ వైపు చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. అయినా మావాళ్ళు పట్టు వదల్లేదు. తెర మీద ఒకే జట్టుగా ఉండి కూడా, అయిదుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు, మధ్యలో నాలుగు గజాల ఖాళీ వదిలి నడిచారు.

టోపీ పెట్టుకున్న ఒక పార్కు అమ్మాయి వచ్చీరాని తెలుగులో ఆట చెప్పింది. రాళ్ళను చేత్తో కొడితే చుక్కలు వస్తాయి, తెర మీద ఎవరి పేరు ఎదుట వాళ్ళ చుక్కలు పడతాయి. జట్టుకు అయిదు వందలు చేరాక, అందరికంటే ఎక్కువ చుక్కలున్న మనిషినీ అందరికంటే తక్కువ ఉన్న మనిషినీ కలిపి చివరి గదిలోకి పంపుతారు. లోపల ఆ ఇద్దరే. ఆ గదిలో గెలిస్తే కోట తలుపు తెరుచుకుంటుంది. నా బుర్రలో దీపం వెలిగింది. అందరికంటే ఎక్కువ నేనే, అందులో అనుమానం లేదు. తక్కువ మాత్రం ఆయన కావాలి. ఎట్లా చెప్పను. చెప్పే పనే లేకపోయింది. నేను కొంగు దోపి మొదటి రాయి కొట్టి తిరిగి చూసేసరికి, ఆ మనిషి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, రాళ్ళంటే పడనివాడిలాగా నిలబడి ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. ఆయనకూ అడగవలసిందేదో ఉందని అర్థమై నాకు కాళ్ళల్లో బలం వచ్చింది.

ఆ తర్వాత నేను ఆడిన ఆట గురించి మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుని బాధపడుతుంది. ఎగిరాను, దూకాను, మోకాళ్ళ మీద పాకాను. ఒకసారి వాళ్ళ నాన్న ముందు నుంచి "పక్కకు జరగండి" అని దూసుకుపోయాను. మూడు వందల ఎనభై చుక్కలు నావే. ఇంతలో ఆయన ఒక రాయి దగ్గర వంగి, అది ఎట్లా వెలుగుతోందో చూడాలని కాబోలు, వేలితో మెల్లగా తట్టాడు. టింగుమంది. తెర మీద ఆయన పేరు ఎదుట పది పడింది. మోటార్లు విప్పే చేయి, ఆగలేకపోయింది. అయినా పదే కదా అని ధైర్యం చెప్పుకుంటూ పేర్లన్నీ చూశాను. అందరి కింద ఒక పేరు, దాని ఎదుట గుండు సున్నా. అవ్వ. పొద్దుటి నుంచి ఒక్క రాయి ముట్టుకోలేదు. "ఊరకుండే రాయిని కొట్టడానికి మనకేమన్నా పిచ్చా" అని నీడన కూర్చుంది. గంట మోగింది, తెర మీద నా పేరూ అవ్వ పేరూ వెలిగాయి.

గదిలోకి నడుస్తుంటే నా ప్రాణం సగం పోయింది. తలుపు మూసుకుంది. గోడలూ నేలా అంతా తెరే, పచ్చిక బయలు, మూడు చెట్లు, ఒక వాగు, ఒక మూలన దొడ్డి. దొడ్డిలోంచి దూదిపింజల్లాంటి బుజ్జి జీవాలు ఒకదాని వెనక ఒకటి బయటికి దూకి నేలంతా పరిగెత్తాయి. మనం ఎటు నడిచి చప్పట్లు కొడితే అవి దానికి ఎదురు దిక్కుకు పోతాయి. మూడు నిమిషాల్లో పదిహేనింటిని దొడ్డిలోకి తోలి, ఎర్ర బటన్ నొక్కి తలుపు మూయాలి. మూయకుండా గడువు దాటితే సున్నా.

అవ్వ వాటిని పరీక్షగా చూసింది. "ఎవరివి ఇవి?"

"ఎవరివీ కాదవ్వా, ఆట."

"ఎవరివీ కాకుండా ఎట్టుంటాయి. మనకు అప్పజెప్పినారా లేదా?"

"అప్పజెప్పినారు."

"ఇంకేం మరి" అని అవ్వ కొంగు నడుముకు చుట్టింది. నేను అలవాటుగా వాటి వెనకాల పరిగెత్తబోతే, "వెనకాల పడితే చెదురుతాయి పాపా. ముందుండేదాన్ని మళ్ళించు, మిగతాయి అయ్యే వస్తాయి" అంది. నాలికతో ఏదో చప్పుడు చేసుకుంటూ ఆమె ఒక పక్క, చప్పట్లు కొడుతూ నేను ఒక పక్క. నిమిషన్నర కాకముందే అన్నీ దొడ్డిలో పడ్డాయి. నేను బటన్ మీద చేయి పెట్టబోయాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. పొట్టేళ్ళను పట్టిన చేయి, కదిలితే ఒట్టు.

"ఏం చేస్తా ఉండావు?"

"తలుపేస్తా ఉండానవ్వా. గెలిచినట్టే."

"తొమ్మిది జతలు, ఒకటి ఒంటిది. బయటికొచ్చేటప్పుడే ఎంచినా, పది జతలు. ఇంకోటి రావాల."

"పదైదు చాలంట అవ్వా."

"ఎవరన్నారు?"

"ఆ టోపీ అమ్మాయి."

"ఆయమ్మి ఎప్పుడన్నా జీవాలు కాసిందా?"

పైన అంకెలు తగ్గుతున్నాయి. కోట, గెలుపు, పొద్దుటి నుంచి పడిన పాట్లు, అన్నీ కళ్ళముందే పోతున్నాయి. ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంలోనే నాకు ధైర్యం కూడా వచ్చింది. ఎట్లాగూ ఓడిపోతున్నాను, అడగాల్సిన ప్రశ్నైనా మిగలకూడదు.

"అవ్వా, ఒక మాట అడగనా?"

"అడుగు. కళ్ళు మాత్రం ఆ చెట్ల మీద పెట్టు."

"కోడలు కొట్లో కూర్చోకూడదన్నావంట."

"అన్నాను" అంది అవ్వ, నా వైపు చూడకుండానే. "బస్టాండు కాడ కొట్టంట, వచ్చేపొయ్యేవోళ్ళంట. నాకు నచ్చలా."

"నాకు నచ్చింది అవ్వా. నాయనతో కొట్లాడి పెట్టుకున్నా. దరఖాస్తుకు ఆఖరి రోజని ఏ పిల్లన్నా పరిగెత్తుకుంటా వస్తే, అది పొయ్యేదాకా నేను షట్టర్ దించను. అది మూసేసి రమ్మంటే నేను రాను. మీ మనవడు నాకు నచ్చినాడు, అయినా రాను."

అవ్వ చెట్ల మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ముప్ఫై సెకన్లు ఉన్నాయి. అప్పుడు, ఎందుకో తెలియదు, నేను కూడా ఆ తప్పిపోయినదాన్ని వెతకడం మొదలుపెట్టాను. ఆటలు చేసేవాళ్ళు ఏదైనా దాచాలంటే నీళ్ళ వెనక దాస్తారని నాకు తెలుసు. వాగు దగ్గరికి పోయి గట్టిగా చప్పట్లు కొట్టాను. రాయి చాటు నుంచి అన్నిటికంటే చిన్నది ఒకటి తల బయటపెట్టి, తీరుబడిగా గంతులేస్తూ బయలుదేరింది. అది సగం దారిలో ఉండగా బూర మోగింది. గోడల నిండా ఎర్రగా సున్నా. ఆ బుజ్జిది మాత్రం సున్నా కింద నుంచే నడుచుకుంటూ పోయి దొడ్డిలో చేరింది.

"పది జతలు" అంది అవ్వ. "ఇప్పుడెయ్యి తలుపు."

ఆట అయిపోయింది, నొక్కినా ఏమీ కాదు. అయినా నొక్కాను. అవ్వ కొంగు విప్పి మొహం తుడుచుకుంది. "ఒకదాన్ని బయట వదిలి తలుపేస్తే నాకు నిద్ర పట్టదు. కొట్టు మూసేసొస్తే నీకు మాత్రం యాడ పడతాది" అని, నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగింది. "మోటార్లు ఆత్మకూరులో కాలవా ఏంది? మావోడే రానీ ఆడికి."

నేను ఆమె వెనకాల కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. బయట అందరూ నన్నే చూస్తున్నారు. చివరి గదిలో జరిగేదంతా మాటలతో సహా బయట పెద్ద తెర మీద చూపిస్తారని ఆ టోపీ అమ్మాయి మాకు చెప్పలేదు. ('నచ్చినాడు, అయినా రాను' అన్న ముక్కతో సహా.) తెర మీద ఇంకా ఉంది, పెళ్లివారు, సున్నా. మామ నెత్తిన చేతులు పెట్టుకుని నేలమీద కూర్చున్నాడు. ఇద్దరు నాన్నలు మాత్రం నాలుగు గజాల ఖాళీ దాటి పక్కపక్కన నిలబడ్డారు. మా నాయన "ఇంకేంది బావా, ఊరు పేరు అడిగే పని తప్పింది" అన్నాడు. అబ్బాయి నా దగ్గరికి వచ్చి, మొదటిసారి నాతో మాట్లాడాడు. "నాదే తప్పు. ఆ రాయి తట్టకుండా ఉండాల్సింది." నేనన్నాను, "లోపల మోటారు కాయిల్ ఉండాదా?" "లేదు. టచ్ సెన్సరు" అన్నాడు. మా ఇద్దరి మొదటి సంభాషణ అదే. పెళ్లయ్యాక మాట్లాడుకున్న చాలా వాటికంటే అది మెరుగని ఇప్పటికీ అనుకుంటాను.

తిరిగి వెళ్ళేటప్పుడు బ్యాండ్లు వెనక్కి ఇమ్మన్నారు. అవ్వ ఇవ్వనంది. దర్గాలో కట్టించుకున్న దారం మాదిరే, అనుకున్న పని అయ్యేదాకా చేతి నుంచి తీయకూడదని ఆమె పట్టు. మేమంతా బతిమాలాం, ఊహూఁ. చివరికి ఆ టోపీ అమ్మాయి బుట్టలోవి లెక్కపెట్టి, అవ్వను అరవంలో పిలుస్తూ, "తొమ్మిదే ఉన్నాయి పాటీ, ఒకటి తక్కువ" అంది. అవ్వ వెంటనే చేయి చాపింది. "ఒకటి తగ్గిందా? ఆ మాట ముందే చెప్పొచ్చు గదా."

ఆ పెళ్లి జరిగింది. వైండింగ్ షాపు ఆత్మకూరుకు, నా కొట్టు పక్కకే వచ్చింది. అవ్వ సంత రోజుల్లో దిగబడి నా కొట్లోనే కూర్చుంటుంది, వచ్చేపొయ్యేవాళ్ళందరితో నాకంటే ఎక్కువ మాట్లాడేది ఆమే. ఇప్పుడు కంప్యూటర్లు పది. పొద్దుగూకి కొట్టు కట్టేసేటప్పుడు ఒక్కొక్కటే ఆపుతూ నాకు తెలియకుండానే జతలుగా ఎంచుతాను. వాటిలో మొదటినాటిది ఒకటుంది, ముసలిది, ఆగడానికి దాని ఇష్టం వచ్చినంత సేపు తీసుకుంటుంది. షట్టర్ సగం దించి దాని కోసం నిలబడి ఉంటే, పక్క షాపు నుంచి ఆయన "ఇంకా కాలేదా" అంటాడు. "ఒకటి రావాల" అంటాను. అప్పుడొక్కోసారి ఆ రోజు ఎర్ర బటన్ మీద చేయి పెట్టబోయిన, చీర కింద బూట్లు వేసుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, అవ్వ పట్టుకోకపోతే గెలిచేసేది.